ఇక్కడ ఎవరూ తిట్టరు, అదే ఇబ్బంది: జపాన్ బడిలో టీచరుగా బతకడం ఎలా

ఆగస్టు సెలవుల్లో హన్మకొండ వచ్చానంటే ఇంటికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. "మా కోడలు బీఈడీ చేసింది, నువ్వు పోయినట్టే పోతదట, జర చెప్పు బిడ్డా" అంటారు. చాయ్ తాగే అరగంటలో చెప్పే సంగతి కాదిది, ప్రతిసారీ సగం మరిచిపోతున్నా కూడా, అందుకని ఒక్కసారి కూర్చుని రాసి పెడుతున్నా. నేను 2023 ఏప్రిల్ నుంచి జపాన్‌లో తొయామా ప్రిఫెక్చర్‌లో, అంటే అక్కడి రాష్ట్రం లాంటిది, ఒక చిన్న పట్టణంలో ఉంటూ ఇంగ్లిష్ నేర్పుతున్నా. వారంలో మూడు రోజులు హైస్కూలు, అంటే వాళ్ల లెక్కలో జూనియర్ హై, మిగతా రెండు రోజులు ప్రైమరీ బడులు.

జపాన్ అనగానే ఇక్కడ అందరూ చెప్పేవి రెండే. రైలు నిమిషం ఆలస్యం కాదు, భూకంపాలు వస్తాయి. రెండూ నిజమే, రెండింటికీ అలవాటు పడతాం. అలవాటు కానిది వేరే ఉంది. మన దగ్గర తప్పు చేస్తే చెప్పేవాళ్లకు కరువు లేదు. చెత్త బండి వెళ్లిపోయాక సంచి గేటు ముందు పెడితే ఎదురింటి అత్తమ్మ డాబా మీది నుంచే అరుస్తుంది. ఆటో అతను తిడతాడు, కిరాణా కొట్టు ఆయన "గట్ల కాదు మేడమ్" అని సరిచేస్తాడు. జపాన్‌లో ఎవరూ ఏమీ అనరు. నవ్వి తల ఊపుతారు, మనం అంతా బాగానే ఉందనుకుంటాం, రెండు మూడు నెలలకు ఇంకెవరి ద్వారానో సంగతి మన చెవిన పడుతుంది. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలా వరకు దీనివల్లే. కాబట్టి ఎవరూ చెప్పకముందే ఎక్కడ పసిగట్టాలో ఎక్కువగా రాస్తాను, రైలు టికెట్ ఎలా కొనాలో మీ ఫోనే చెబుతుంది.

బయలుదేరే ముందు

దారులు మూడు. ఒకటి జెట్ ప్రోగ్రామ్, 1987లో మొదలైన జపాన్ ప్రభుత్వ పథకం, జీతం, గౌరవం రెండూ మెరుగు, పోటీ కూడా అలాగే ఉంటుంది. రెండోది బడులకు టీచర్లను పంపే ప్రైవేటు కంపెనీలు, డిస్పాచ్ అంటారు, నేను పోయింది ఇదే దారిలో. మూడోది ఎయ్‌కైవా, అంటే సాయంత్రం పూట మాట్లాడే ఇంగ్లిష్ నేర్పే ట్యూషన్ సెంటర్లు. బడిలో మన హోదా పేరు ఏఎల్‌టీ, అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్. అసిస్టెంట్ అన్నమాట, క్లాసు జపనీస్ టీచరుదే. "నేను అక్కడ ఇంగ్లిష్ మేడమ్" అని చుట్టాలకు చెప్పుకోండి పర్వాలేదు, మనసులో మాత్రం ఆ అసిస్టెంట్ అన్న మాట గుర్తుంచుకోండి.

ప్రభుత్వ బడిలో పనికి ఇచ్చే వీసా ఇన్‌స్ట్రక్టర్ వీసా. డిగ్రీతో పాటు 12 ఏళ్లు ఇంగ్లిష్‌లోనే చదివినట్టు చూపించాలి. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఊర్లో ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంగ్లిష్ మీడియం చదివారనుకోండి. ఎనిమిది నుంచి పది దాకా మూడేళ్లు, ఇంటర్ రెండు, డిగ్రీ మూడు, బీఈడీ రెండు, కలిపితే పదే. రెండేళ్ల పీజీ ఉంటే లెక్క సరిపోతుంది. పైసా కట్టకముందే, ఇంటర్వ్యూకి కూర్చోకముందే ఈ లెక్క కంపెనీకి రాసి పంపి ఒప్పుకుంటారా అని అడగండి. అన్ని ఏళ్లకూ మీడియం రాసి ఉన్న బోనఫైడ్‌లు కావాలి. నేను చదివిన ప్రైమరీ బడికి యాజమాన్యం మారి, పాత రిజిస్టర్లు ఎక్కడో అటక మీద పడి ఉంటే, దుమ్ము దులిపి వెతికించడానికి మూడు వారాలు తిరిగా. ఇంకోటి, కాకతీయ యూనివర్సిటీ డిగ్రీ అయిపోయాక ఒరిజినల్ తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే ఏళ్లకేళ్లు నెట్టుకొస్తాం కదా, ఈ రోజే అప్లై చేయండి.

కంపెనీ అక్కడి ఇమ్మిగ్రేషన్ నుంచి అర్హత పత్రం తెప్పిస్తుంది, దాన్ని సీఓఈ అంటారు. అది ఇచ్చిన తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది, అప్పటికల్లా వీసా వేయించుకుని జపాన్‌లో దిగిపోవాలి. పాస్‌పోర్టు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉన్నవాళ్లు ముందే పూర్తిగా రాయించుకోండి. జపాన్‌లో కూడా మనలాగే ఇంటిపేరే ముందు, బడిలో పిలిచేది కూడా దాంతోనే, ఒట్టి అక్షరం ఉంటే జీవితాంతం "కే సెన్సే", అంటే కే టీచర్, అయిపోతారు.

సామాను సంగతి. నాన్‌వెజ్ పచ్చళ్లు వద్దు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఇంట్లో చేసినా సీల్ వేయించినా సరే మాంసం కలిసినది ఏదీ లోపలికి రానివ్వరు, దాచి తెస్తే 3 ఏళ్ల జైలు లేదా 30 లక్షల యెన్ జరిమానా దాకా చట్టంలో ఉంది. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, ఆకుకూరలు కూడా తీసేసుకుంటారు. మామిడికాయ తొక్కు, ఉసిరి తొక్కు, కారం పొడులు నాకెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. జలుబు మాత్రలు చూసుకుని పెట్టుకోండి, సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటి ఉన్న మందులు అక్కడ నిషేధం, మన మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చే స్ట్రిప్పుల్లో ఆ పేరు కనిపిస్తుంది.

స్టాఫ్ రూములో పంచడానికి ఏదైనా పట్టుకెళ్లడం అక్కడ మర్యాద. నేను మొదటిసారి కరీంనగర్ వెండి తీగ పనితో చేసిన చిన్న భరిణె హెడ్‌మాస్టర్‌కి ఇచ్చా, బాపు ఎంతో ముచ్చటపడి కొన్నది. ఆయన ముఖంలో సంతోషం కంటే కంగారు ఎక్కువ కనిపించింది, వారం తిరక్కుండా అంతకంటే ఖరీదైన గిన్నెల సెట్ ఒకటి నా బల్ల మీద ఉంది. ఇచ్చింది తిరిగి తీర్చాల్సిన బాకీ వాళ్లకు. మరుసటేడు సకినాలు తీసుకెళ్లా, రెండేసి చొప్పున చిన్న కవర్లలో కట్టి. బియ్యప్పిండి, నువ్వులు, వాము, వాళ్ల నోటికి దగ్గరగానే ఉంటాయి, అది సెంబే, అంటే వాళ్ల బియ్యప్పిండి బిస్కెట్టు, లాంటిదా అని అడిగి పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేశారు. విరిగిపోతాయని భయం ఉంటుంది, స్టీలు డబ్బాలో పేపర్ కుక్కి చేతి బ్యాగులో పెట్టుకోండి.

మొదటి 14 రోజులు

ఎయిర్‌పోర్టులోనే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు, నరీతా, హనేదా, కన్సాయ్ లాంటి పెద్ద వాటిలో. అది ఎప్పుడూ దగ్గర ఉండాలి, పోలీసు అడిగితే చూపించాలి. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు సిటీ ఆఫీసుకు వెళ్లి అడ్రస్ రాయించాలి, కార్డు వెనక రాసిస్తారు. మిగతావన్నీ దాని తర్వాతే, వరుస తప్పితే రెండు చోట్లకూ తిరగడమే: అడ్రస్, తర్వాత ఇన్సూరెన్స్, తర్వాత ఫోన్ నంబర్, తర్వాత బ్యాంకు. ఫోన్ కోసం బ్యాంకు ఖాతా అడుగుతారు, బ్యాంకు వాళ్లు ఫోన్ నంబర్ అడుగుతారు, దేశానికి వచ్చి 6 నెలలు కాలేదని కొన్ని బ్యాంకులు మర్యాదగా వెనక్కి పంపుతాయి కూడా. అందుకే కంపెనీ మనిషి తోడు వస్తానన్న రోజునే ఇవన్నీ ముగించేయండి, మళ్లీ దొరకరు. పేరు రాసిన చిన్న ముద్ర, హాంకో అంటారు, సంతకానికి బదులు ఇంకా అక్కడక్కడా అడుగుతారు, కటకానా లిపిలో చేయించుకుంటే చాలు.

ఇల్లు అద్దెకు తీసుకుంటే అడ్వాన్స్ ఒక్కటే కాదు, రేకిన్ అని ఇంకోటి ఉంటుంది. ఓనరుకు కృతజ్ఞతగా ఇచ్చేది, తిరిగి రాదు. మా బాపుకు ఇది ఫోన్లో చెబితే "కిరాయి మనమే కట్టి, దండం కూడా మనమే పెట్టాల్నా" అన్నాడు. పైగా మన అద్దెకు పూచీ ఉండే హామీ కంపెనీకి ఫీజు. కొన్ని ఇళ్లకు రేకిన్ లేదు, వెతికేటప్పుడు అదే ముందు అడగండి. మొదటి నెల జీతం వచ్చేది రెండో నెలలో కాబట్టి అద్దె, గిన్నెలు, పరుపు, సైకిల్ అన్నిటికీ కలిపి చేతిలో డబ్బు ఉండాలి, వాళ్ల ఒక నెల జీతం కంటే తక్కువ పట్టుకుని వెళ్లకండి.

చెత్త

నవ్వకండి, నాకు మొదటి ఏడాది బడి కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. కాలేవి, కాలనివి, ప్లాస్టిక్, డబ్బాలు, సీసాలు, పెట్ బాటిళ్లు, కాగితం, ఒక్కోదానికి ఒక్కో రోజు, మా దగ్గర సీసాలకు నెలలో రెండే రోజులు. సంచి మనిష్టం కాదు, ఊరి పేరు అచ్చు వేసినది సూపర్‌మార్కెట్‌లో కొనాలి. పొద్దున 8 లోపు వీధి చివర పెట్టాలి, ముందు రోజు రాత్రి పెట్టకూడదు, కాకులు చింపేస్తాయి. బాటిల్ మూత ఊడదీసి, పైకాగితం చింపి, కడిగి, నలగ్గొట్టాలి.

వెళ్లిన రెండో వారం నేను పాత చపాతీ పెనం కాలే చెత్తలో పడేశా. బండి వచ్చింది, అందరి సంచులూ తీసుకెళ్లింది, నాది మాత్రం అక్కడే ఉంది, మీద ఒక స్టిక్కర్. ఎవరూ తలుపు కొట్టలేదు, ఎవరూ చూడలేదన్నట్టే నడిచి వెళ్లారు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వీధి మొత్తంలో నా సంచి ఒక్కటే, లోపల నుంచి కరివేపాకు రెబ్బలు కనిపిస్తూ, ఎవరిదో పేరు రాసి పెట్టినంత స్పష్టంగా. తీసుకుని పైకి వెళ్లా. మరునాడు స్వీట్ ప్యాకెట్ పట్టుకుని పక్కింటి ముసలమ్మ దగ్గరికి వెళ్లి, చెత్త క్యాలెండర్ చూపించి, నాకు తెలియదు నేర్పండి అన్నా. అప్పుడు ఆవిడ గంటసేపు కూర్చోబెట్టి అన్నీ చెప్పింది, ఎర్ర పెన్నుతో గీసి మరీ ఇచ్చింది. మనం అడగనంత కాలం చెప్పడం వాళ్ల దృష్టిలో అమర్యాద, అడిగితే మాత్రం ఓపికకు అంతుండదు. ఆ ముసలమ్మ ఇప్పటికీ వారానికోసారి ముల్లంగి ఇస్తుంది.

తాలింపు వాసన సంగతీ అంతే. ఎండు మిరపకాయలు మాడితే మెట్ల మీద అందరూ దగ్గుతారు, మన ముందు ఎవరూ నోరు విప్పరు, నెల తర్వాత ఇంటి నిర్వహణ చూసేవాళ్ల దగ్గర నుంచి "వంట సమయంలో గాలి వెళ్లేలా చూసుకోవలసిందిగా నివాసితులందరినీ కోరుతున్నాము" అని ఉత్తరం అన్ని డబ్బాల్లో పడుతుంది. అందరికీ అంటే మనకే అని అర్థం చేసుకోవాలి. ఫ్యాన్ ముందు వేసి, తర్వాత నూనె పెట్టండి.

బడి

8:15కి రమ్మంటే 8:05కి కుర్చీలో ఉండాలి. చెప్పులు బయటి పెట్టెలో, లోపలికి వేరే బూట్లు, అవి బయట మట్టి తొక్కకూడదు, బాత్‌రూముకు మళ్లీ వేరే స్లిప్పర్లు, అవి వేసుకుని క్లాసుకు వచ్చేస్తే పిల్లలు ఏడాదంతా చెప్పుకుంటారు. స్టాఫ్ రూములోకి అడుగు పెట్టగానే గట్టిగా "ఒహాయో గొజాయ్‌మస్", వెళ్లేటప్పుడు "ఒసాకిని షిత్సురేయ్ షిమస్", అంటే మీకంటే ముందు వెళ్తున్నా క్షమించండి అని. నా డ్యూటీ 4:15కే అయిపోతుంది కదా అని మొదట్లో మెల్లగా బ్యాగు సర్దుకుని జారుకునేదాన్ని, ఎవరి పనికీ అడ్డం రాకూడదని. దొంగలా వెళ్లిపోతుందనుకున్నారట. మళ్లీ ఎవరూ నాతో అనలేదు, కంపెనీ మనిషి నాలుగో నెలలో చెప్పాడు.

వైస్ ప్రిన్సిపల్‌ని క్యోతో సెన్సే అంటారు. బడి మొత్తం నడిచేది ఆయన బల్ల దగ్గరే, సెలవు కాగితం నుంచి హీటర్ కిరోసిన్ దాకా. మీరు ఏదైనా అడిగితే ఆయన పళ్ల సందుల్లోంచి గాలి పీల్చి "చొట్టో..." అని ఆపేస్తే, అది "కొంచెం" కాదు, కుదరదు. "ముజుకషీ దెస్ నే" అంటే కష్టమండీ అని, అంటే కుదరదు. "ఆలోచిస్తాం" అంటే కూడా కుదరదు. నేను "కష్టమే కానీ చేస్తారు" అనుకుని దసరాకు పది రోజుల సెలవు మీద ఆశ పెట్టుకుని టికెట్ కూడా చూసుకున్నా. చట్టం ప్రకారం 6 నెలలు పనిచేశాక ఏడాదికి 10 రోజుల సెలవు వస్తుంది, కానీ క్లాసులున్న రోజుల్లో వరసగా తీసుకుంటే బాగోదు, జులై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా ఉండే వేసవి సెలవుల్లో పెట్టుకోండి. విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది.

బట్టలు మామూలు ఫార్మల్, ఏప్రిల్ ప్రవేశ వేడుకకు, మార్చి వీడ్కోలు వేడుకకు నల్ల సూటు. చీర కట్టుకోవచ్చా అని ముందే అడిగా, సంతోషంగా ఒప్పుకున్నారు. ముక్కుపుడక గురించి మాత్రం తప్పకుండా అడగండి, చాలా బడుల్లో పిల్లలు చెవులు కుట్టించుకోవడమే నిషేధం. బొట్టు పెట్టుకుని వెళ్తే ఒకటో తరగతి పిల్లాడు దాన్ని నొక్కితే ఏమవుతుందని అడిగాడు.

2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లిష్ పూర్తి సబ్జెక్టు, మూడు, నాలుగు తరగతులకు ఆటపాటల్లాగా ఉంటుంది. ప్రైమరీలో పిల్లలు మీద పడి మాట్లాడతారు, జూనియర్ హై రెండో ఏడాదికి వచ్చేసరికి బొమ్మల్లా కూర్చుంటారు. మన బడిలో ప్రశ్న వేస్తే సగం క్లాసు తప్పో ఒప్పో అరుస్తుంది. అక్కడ తెలిసినవాడు కూడా చెయ్యెత్తడు, అందరి ముందు తప్పయితే ఎలా అని. దీనికి నాకు పనికొచ్చిన ఉపాయం ఒక్కటే: ప్రశ్న వేయగానే జవాబు అడగొద్దు, పక్కవాడితో 30 సెకన్లు మాట్లాడుకోమనండి, ఆ తర్వాత "మీ ఇద్దరూ ఏమనుకున్నారు" అనండి. తప్పు ఇద్దరిది కాబట్టి నోరు తెరుస్తారు. మన యాస గురించి కుంగిపోకండి. నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య గాలి ఆడేలా మాట్లాడితే చాలు.

మొదటి నెలంతా ప్రతి క్లాసులో మీ పరిచయమే చెప్పాలి, ఒకే పాఠం ఇరవై ముప్పై సార్లు, కాబట్టి ఫొటోలు మంచివి తీసుకెళ్లండి. తాజ్‌మహల్ వాళ్ల పుస్తకాల్లోనే ఉంటుంది, మనది చూపించండి. ఖిలా వరంగల్ తోరణం తెర మీద రాగానే క్లాసంతా "తొరీ!" అని అరుస్తుంది, వాళ్ల గుడి ముందు ఉండే ద్వారం అలాగే ఉంటుంది మరి. రామప్ప గుడి అయితే ఇంకా పండుతుంది: 1213 నాటిది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది, నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారు, పునాదిలో ఇసుక నింపారు. భూకంపాల దేశం పిల్లలకు పునాదిలో ఇసుక ఎందుకు అన్న ప్రశ్న బాగా పట్టుకుంటుంది, మూడో వరుసలో నిద్రపోయేవాడు కూడా లేస్తాడు. ఇంకోటి, ఇండియా వాళ్లందరికీ లెక్కలు వచ్చని వాళ్ల నమ్మకం. వాళ్లు తొమ్మిదో ఎక్కం దాకానే బట్టీ పడతారు. ఇరవై ఎక్కాలు ఒకసారి చదువుకుని వెళ్లండి, 17 పదమూళ్లు ఎంత అని అడిగితే 221 అని ఆగకుండా చెప్పాలి, ఊరి పరువు.

మధ్యాహ్నం భోజనం పిల్లలతోనే, క్లాసులోనే. పిల్లలే తెల్ల కోటు, టోపీ వేసుకుని వడ్డిస్తారు, అందరికీ ఒకటే వంట, 200 మిల్లీలీటర్ల పాలు. అందరికంటే ముందు హెడ్‌మాస్టర్ తిని చూడాలి, తేడా ఉంటే పిల్లలకు పెట్టకుండా ఆపడానికి. తినగానే పిల్లలే గుడ్డ పట్టుకుని బడి ఊడ్చి తుడుస్తారు, మీరూ వంగి తుడవండి. నాకు స్టాఫ్ రూములో చోటు దొరికింది పాఠం వల్ల కాదు, మెట్లు తుడిచినందుకే.

గొడ్డు మాంసం, పంది మాంసం తినని వాళ్లు ఏప్రిల్‌లోనే చెప్పండి, నెలకోసారి మెనూ కాగితం ఇస్తారు, ఆ రోజులకు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే వీలు అడగండి. గ్యూనికు అంటే గొడ్డు మాంసం, బుతానికు పంది, తొరినికు కోడి. "నేను వెజిటేరియన్" అంటే అర్థం కాదు, మాంసం ముక్క తీసేసి అదే కూర ఇస్తారు. శాకాహారులకు అసలు కష్టం దాషి దగ్గర, చేపతో కాచిన రసం అది, మిసో సూప్‌లో, కూరల్లో, గుడ్డు అట్టులో కూడా ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండగలరా లేదా అని ఇక్కడే, మీ ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.

మన నోటికి వాళ్ల భాష

ఇది ధైర్యం చెప్పడానికి అనడం లేదు, జపనీస్ మనకు నిజంగానే దగ్గర. "గక్కో ని ఇకు", బడి, కి, వెళ్లు. మాటకు మాట పెడితే వాక్యం అయిపోతుంది, మన విభక్తుల్లాగే వాళ్లకూ పేరు తర్వాత చిన్న ముక్క తగులుతుంది, క్రియ చివరికి వస్తుంది. ప్రశ్నకు మనం చివర "ఆ" తగిలించినట్టు వాళ్లు "క" తగిలిస్తారు. "నే" అంటే మన "కదా". దీర్ఘం, ఒత్తు తేడా ఇంగ్లిష్ వాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఒబసాన్ అంటే అత్తమ్మ వయసు ఆవిడ, ఒబాసాన్ అంటే ముసలమ్మ, దీర్ఘం ఒక్కటే తేడా. కితే అంటే రా, కిత్తె అంటే పోస్టల్ స్టాంపు. మనకు కట, కట్ట తేడా పుట్టుకతో తెలుసు. "త్సు" కూడా చల్ల, చాప అనేటప్పుడు మన నాలుక ఎక్కడుంటుందో అక్కడే. హిరగానా, కటకానా అనే రెండు లిపులూ నెలలో వచ్చేస్తాయి, గుణింతం తెలిసినవాళ్లకు అదేం లెక్క కాదు. కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, మాత్రం ఏళ్ల పని. ముందు ఆవు, పంది, కోడి, చేప, ఈ నాలుగు కంజీలు నేర్చుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్లండి. బ్యోఇన్ ఆస్పత్రి, బియోఇన్ బ్యూటీ పార్లర్, జ్వరం వచ్చిన రోజు ఈ రెండూ కలపకండి.

ఇల్లు, తిండి

వాళ్ల బియ్యం ముద్ద అవుతుంది, పప్పు కలుపుకుంటే మొదటి వారం ఏడుపొస్తుంది. మా దగ్గర ఇమిజు అనే ఊర్లో పాత కార్ల వ్యాపారం చేసే పాకిస్తాన్ వాళ్లు చాలామంది స్థిరపడ్డారు, వాళ్ల హలాల్ దుకాణాల్లో పొడుగు బియ్యం, కందిపప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. తోక్యో వైపు వెళ్లేవాళ్లకు నిషి కసాయ్‌లో ఇండియా దుకాణాలున్నాయి. దుకాణం లేని ఊరైనా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. బెండకాయను వాళ్లు కూడా ఒకురా అంటారు, వల సంచిలో పదే ఉంటాయి, ఒక మనిషికి ఒక పూట. వంకాయ, ముల్లంగి, పాలకూర పుష్కలం, కాకరకాయ వేసవిలో గోయా పేరుతో వస్తుంది. పెరుగు చక్కెర లేని ప్లెయిన్ డబ్బా కొని దాంతోనే తోడు పెట్టుకోండి. సర్వపిండికి బియ్యప్పిండి వాళ్ల సూపర్‌మార్కెట్‌లోదే పనికొస్తుంది, కొంచెం మెత్తగా వస్తుంది. జొన్నపిండి ఇక్కడి నుంచే మోస్తా.

చలి గురించి. ఆదిలాబాద్ చలి చూసినవాళ్లం మాకేంటి అనుకోకండి. బయటి మంచు కాదు సమస్య, ఇంట్లో చలి. గది వేడిగా ఉంటుంది, వసారాలో, బాత్‌రూములో నోట్లోంచి పొగ వస్తుంది. కిరోసిన్ హీటరు, 18 లీటర్ల ఎర్ర డబ్బా పెట్రోల్ బంకులో నింపించుకోవాలి, గంటకోసారి కిటికీ తెరవాలి, పడుకునేటప్పుడు ఆర్పేయాలి. కరెంటు దుప్పటి కొనండి. జూన్, జులై వానల్లో బూజు వస్తుంది, పట్టు చీరలు తీసుకెళ్లకండి, నాది ఒకటి పోయింది.

భూకంపం నాకు తొమ్మిదో నెలలోనే వచ్చింది, 2024 జనవరి 1 సాయంత్రం 4:10కి, నోతో ద్వీపకల్పంలో, 7.6 తీవ్రత. పండగ సెలవు, నేను గదిలో పప్పు పోపు వేస్తున్నా. ఫోన్ వింతగా అరిచింది, ఆ తర్వాత నేల. స్టవ్ ఆర్పి బల్ల కిందికి దూరా, ఎంతసేపో తెలియదు. సునామీ హెచ్చరిక వచ్చింది, పక్కింటి ముసలమ్మ నా తలుపు కొట్టి చెయ్యి పట్టుకుని బడి మేడ మీదికి తీసుకెళ్లింది. ఇండియాలో అప్పుడు మధ్యాహ్నం 12:40, అమ్మ టీవీలో చూసి "మంచిగున్నవా బిడ్డా, ఎక్కడున్నవ్" అని ఒకటే ఏడుపు. కాబట్టి దిగిన మొదటి వారమే మీ వీధికి చెప్పిన శరణు చోటు ఏదో వెళ్లి చూసి రండి. బ్యాగులో టార్చి, నీళ్లు, బిస్కెట్లు, పాస్‌పోర్టు జిరాక్స్, కొంచెం నగదు పెట్టి తలుపు పక్కన ఉంచండి. అంబులెన్సుకు, మంటలకు 119, పోలీసుకు 110. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టండి, పెద్దది వస్తే నేనే ఒక్క మెసేజ్ పెడతా, వెంటవెంటనే ఫోన్లు చేయొద్దు అని. చెప్పినా వింటారని కాదు.

జీతం

డిస్పాచ్ కంపెనీలు నెలకు రెండు లక్షల నుంచి రెండున్నర లక్షల యెన్ దాకా ఇస్తామని ప్రకటిస్తాయి, కొన్ని ఆగస్టులో, సెలవు నెలల్లో తగ్గించి ఇస్తాయి, ఒప్పందంలో ఆ లైను వెతకండి. ఇన్సూరెన్స్ ఉంటే ఆస్పత్రి బిల్లులో 30 శాతమే మనది. మనవాళ్లందరూ పడే గుంత ఒకటుంది, నివాస పన్ను. నిరుటి సంపాదన మీద వేస్తారు కాబట్టి మొదటి ఏడాది రాదు, హాయిగా ఇంటికి డబ్బు పంపిస్తాం, రెండో ఏడాది జూన్‌లో కాగితం వస్తుంది, మినహాయింపులు పోగా మిగిలిన సంపాదనలో దాదాపు పదో వంతు. మొదటి నెల నుంచే పక్కన పెట్టండి. చీటీ ఎత్తి వెళ్లినవాళ్లు కిస్తీ లెక్క వేసేటప్పుడు యెన్ విలువ పడిపోయినా కట్టగలరా అని చూసుకోండి, అక్కడి జీతం మారదు, ఇక్కడి రూపాయి లెక్క మారుతుంది.

పెన్షన్‌కు కూడా కోస్తారు. దేశం వదిలాక 2 ఏళ్లలోపు అప్లై చేస్తే ఒకేసారి కొంత తిరిగి ఇస్తారు. ఇండియా, జపాన్ మధ్య 2016 అక్టోబరు నుంచి ఒప్పందం ఉంది, రెండు దేశాల ఏళ్లూ కలిపి లెక్కేసుకోవచ్చు, కానీ ఒకేసారి డబ్బు తీసుకుంటే ఆ ఏళ్లు ఆ లెక్కలోంచి పోతాయి. ఎక్కువేళ్లు ఉండాలనుకునేవాళ్లు తొందరపడకండి.

బతుకమ్మకు తంగేడు ఉండదు. కానీ అక్టోబరులో కాలువ గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పసుపు పచ్చని కలుపు మొక్క మనిషెత్తు పూస్తుంది, సెయ్‌తక అవదాచీసో దాని పేరు, దూరం నుంచి అచ్చం తంగేడే. విదేశాల నుంచి వచ్చిన కలుపు కాబట్టి కోసినా ఎవరూ బాధపడరు, అయినా స్థలం ఎవరిదో అడిగి కోయండి. గునుగుకు బదులు పూల దుకాణంలో సీతజడ రకం దొరుకుతుంది, చామంతులు ఎన్నైనా. నీళ్లలో వదలడం మాత్రం వద్దు. వాగులో పూలు వేస్తే ఎవరో ఫొటో తీసి సిటీ ఆఫీసుకు పంపుతారు, మళ్లీ అందరికీ కలిపి ఒక ఉత్తరం. మేం బకెట్లో వదిలి, మరునాడు కాలే చెత్తలో వేస్తున్నాం, గౌరమ్మ క్షమిస్తుంది.

ఇక తిరిగి వచ్చేసేటప్పుడు మళ్లీ చెత్తే. పరుపు, బల్ల, సైకిల్ లాంటి పెద్దవాటికి ముందుగా ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి, స్టిక్కర్ కొని అంటించాలి. మార్చి చివర దేశమంతా ఇళ్లు మారే కాలం, తేదీలు దొరకవు, ఫిబ్రవరిలోనే చేయండి. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్, ఏసీ, ఈ నాలుగూ పెద్ద చెత్తలో కూడా తీసుకోరు, రీసైక్లింగ్ ఫీజు మనమే కట్టి అప్పజెప్పాలి. అంతకంటే కొత్తగా వచ్చే టీచరుకు ఊరికే ఇచ్చేయడం చవక. నా ఫ్రిజ్ అలా వచ్చిందే, నాకంటే ముందున్న టీచరుది, లోపల తలుపు మీద ఆమె అతికించిన చెత్త క్యాలెండర్ కూడా ఉంది. కానీ అది పక్క ఊరిది, ఆ సంగతి చపాతీ పెనం పోయిన రోజే తెలిసింది.